మూడేళ్లుగా ట్రివి వాడుతున్నా: ఆపమంటేనే ఆపుతుంది

ముందు మా తెలివితక్కువతనం ఒకటి చెప్పాలి. కంటైనర్ ఇమేజ్‌లలో, అంటే అప్లికేషన్‌నీ దానికి కావాల్సినవన్నీ కలిపి కట్టిన మూటల్లో, తెలిసిన భద్రతా లోపాలను వెతికే టూల్ ట్రివి. దాన్ని బిల్డ్ పైప్‌లైన్‌లో పెట్టిన కొత్తలో రెండు నెలలపాటు ప్రతి బిల్డూ పచ్చగా పాసైంది. మన ఇమేజ్‌లు ఎంత శుభ్రంగా ఉన్నాయో అని మురిసిపోయాం. ఓ రోజు వేరే పని మీద లాగ్ తెరిస్తే పేజీలకొద్దీ పట్టిక, అందులో క్రిటికల్ అని తొమ్మిది! అది రోజూ చెబుతూనే ఉంది, వినిపించుకోనిది మేమే. లోపాలెన్ని దొరికినా ట్రివి మామూలుగా సున్నాతోనే, అంటే 'అంతా బాగుంది' అనే కోడ్‌తోనే, బయటికొస్తుంది. ఎగ్జిట్-కోడ్ 1 అనే ఫ్లాగ్ ఇస్తేనే బిల్డ్ ఆగుతుంది. కొత్తవాళ్లెవరైనా మొదటి రోజే ఇది పెట్టేసుకోండి.

మొదలుపెట్టడం సులువే. ఆక్వా సెక్యూరిటీ వాళ్ల ఓపెన్ సోర్స్ టూల్ ఇది, ఒక్క బైనరీ దించుకుంటే చాలు. టెర్మినల్‌లో 'ట్రివి ఇమేజ్' కొట్టి పక్కన ఇమేజ్ పేరు ఇవ్వడమే. మొదటిసారి లోపాల డేటాబేస్ దించుకోవడానికి కాస్త ఆగుతుంది, తర్వాత చకచకా.

డెబియన్ లినక్స్ మీద కట్టిన పూర్తి పైథాన్ ఇమేజ్‌ని స్కాన్ చేస్తే మాత్రం గుండె జారుతుంది, వందల్లో వస్తాయి. వాటిలో చాలావరకు మనం రాసినదాంట్లోవి కావు, బేస్ ఇమేజ్‌తోపాటు వచ్చిన కంపైలర్లు, లైబ్రరీలవి. నేను ముందు చూసేది 'ఫిక్స్‌డ్ వెర్షన్' గడి. అది ఖాళీగా ఉంటే ప్యాచ్ ఇంకా రాలేదన్నమాట. అనవసరమైనవి తీసేసిన స్లిమ్ ఇమేజ్‌కి మారి, ప్యాచ్ లేనివాటిని దాచే ఇగ్నోర్-అన్‌ఫిక్స్‌డ్ ఫ్లాగ్ పెట్టాక పట్టిక ఒక్క స్క్రీన్‌లో పట్టింది. అలాగని దాచినవి పోయినట్టు కాదు, అందుకే సోమవారం సోమవారం ఆ ఫ్లాగ్ తీసేసి ఓసారి చూస్తాం.

చూపించొద్దనుకున్న లోపాలు రాసుకునే డాట్ ట్రివిఇగ్నోర్ ఫైల్ ఇంకో గొయ్యి. 'ఇప్పటికి వదిలేద్దాం' అంటూ ఒక్కో సీవీఈ నంబరూ (బయటపడిన లోపానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) చేర్చుకుంటూ పోతే ఏడాదికి ఎవరు ఎందుకు చేర్చారో గుర్తుండదు. నంబరు పక్కన ఎక్స్‌ప్ అని గడువు తేదీ రాయొచ్చు. తేదీ దాటగానే అది మళ్లీ పట్టికలో లేస్తుంది. తేదీ లేని వరసని ఇప్పుడు మేం రివ్యూలోనే తిప్పి పంపేస్తున్నాం.

ట్రివి విలువ నాకు బాగా తెలిసింది 2024 మార్చి 29న. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ టూల్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో కావాలనే దొంగదారి పెట్టారని బయటపడిన రోజది. ప్రతి రిలీజ్‌కీ ట్రివితో ఎస్‌బామ్, అంటే లోపలి ప్యాకేజీల జాబితా, తీసి దాస్తుంటాం. ఆ ఫైళ్లలో వెతికితే పావుగంటలో తేలిపోయింది, ఆ రెండు వెర్షన్లూ మా దగ్గర ఎక్కడా లేవు.

ఒక్క లోటు ఇప్పటికీ గుచ్చుతూనే ఉంటుంది. ట్రివి ఎక్కువగా ప్యాకేజీ జాబితాలు, లాక్ ఫైళ్ల (వాడిన లైబ్రరీల వెర్షన్లు రాసి ఉండేవి) మీద ఆధారపడుతుంది. మేం డాకర్‌ఫైల్‌లో (ఇమేజ్ ఎలా కట్టాలో రాసే ఫైల్) సోర్స్ నుంచి సొంతంగా కంపైల్ చేసుకునే వీడియో టూల్ ఎఫ్ఎఫ్ఎంపెగ్ దాని కంటికి ఆనదు, పట్టికలో దాని పేరే ఉండదు. దాని కొత్త వెర్షన్లు చూసే పని క్యాలెండర్‌లో నా పేరు మీదే ఉంది, నెలకోసారి.