కొత్త టైర్లతో నాలుగు రోజుల కొండదారి

ప్రయాణానికి వారం ముందు నా బైకు వెనక టైరును చేత్తో తడిమి చూశాను. అంచుల దగ్గర గాట్లు ఇంకా లోతుగానే ఉన్నాయి, మధ్యలో మాత్రం చదునైపోయి అరుగుదల గుర్తు పైకి తేలింది. హైవే మీద నిటారుగా ఎక్కువ తిరిగిన బండికి ఇలాగే అవుతుంది. అలాంటి టైరుతో మలుపులోకి వెళ్తే బండి మొదట వంగనని మొరాయిస్తుంది. చదును భాగం దాటగానే ఒక్కసారిగా పక్కకు ఒరుగుతుంది. కొండదారికి ఆ టెన్షన్ నాకు వద్దనిపించింది.

నా బండికి ముందు టైరు సైజు 120/70, వెనకది 180/55, రెండూ 17 అంగుళాల చక్రాలు. ఈ సైజులో పిరెల్లి ఏంజెల్ జీటీ 2, మెట్జలర్ రోడ్‌టెక్ 01, డన్‌లప్ రోడ్‌స్మార్ట్ 4, ఇలా మంచివి చాలానే ఉన్నాయి. నేను మిషలిన్ రోడ్ 6 తీసుకున్నాను. మధ్యలో గట్టి రబ్బరు, పక్కలకు మెత్తటి రబ్బరు ఉండడం ఈ తరహా టైర్లలో చాలావాటికి ఉన్నదే. నన్ను ఆకట్టుకున్నది దాని గాట్లు. పైన సన్నగా ఉండి, టైరు అరిగేకొద్దీ వెడల్పవుతాయి. అంటే సగం అరిగాక కూడా నీటిని పక్కకు నెట్టే దారి మిగులుతుంది. బరువైన టూరింగ్ బండ్లకు ఇందులోనే జీటీ రకం వేరే ఉంది, నా బండికి అది అక్కర్లేదు.

బిగించినచోట పని చాలావరకు బాగా చేశారు. తిరిగే దిశ చూపే బాణం గుర్తు సరిచూశారు, వాల్వులు కొత్తవి వేశారు, బ్యాలెన్సింగ్ ఓపిగ్గా చేశారు. తయారీ తేదీ నేనే చూసుకున్నాను. టైరు పక్క గోడ మీద ముద్రించే డాట్ కోడ్ చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఒక్కచోట మాత్రం మనసు చివుక్కుమంది. టైరు అంచు రిమ్ములో కూర్చోవడానికి గాలి ఎక్కువ కొడతారు, ఆ తర్వాత తగ్గించాలి. వాళ్లు తగ్గించలేదు. నా గేజీ పెట్టి చూస్తే వెనక 50 పీఎస్‌ఐ ఉంది. మాన్యువల్ చెప్పేది ముందు 36, వెనక 42. కొత్త టైరు మీద ఆ గాలితో మలుపు తిప్పి ఉంటే? గేజీ లేకుండా టైర్లు మార్పించుకోవడానికి వెళ్లకండి.

మొదటి రోజు 150 కిలోమీటర్లు నెమ్మదిగానే నడిపాను. కొత్త రబ్బరు పైపొర నున్నగా ఉంటుంది, హఠాత్తుగా వంచినా బ్రేకు వేసినా జారొచ్చు. ఆగిన ప్రతిచోటా వంగి చూసేవాణ్ణి. మధ్యలో మెరుపు పోయి రబ్బరు మసకబారుతోంది, పక్కలకున్న మెరిసే పట్టీ కొంచెం కొంచెంగా సన్నబడుతోంది.

బండి ఎంత తేలిగ్గా తిరిగిందో చెప్పలేను. చూపు మలుపు చివరికి వెళ్తే బండి తనంతట తానే వెంట వచ్చినట్టుంది. అయితే ఈ సంతోషంలో సగం కంపెనీ గొప్పతనం కాదు, టైరు మళ్లీ గుండ్రంగా ఉండడం. చదునైన పాతదాని తర్వాత ఏ కొత్త టైరు వేసినా ఇలాగే అనిపిస్తుంది. అందుకే మొదటి రోజు మురిపెం చూసి ఎవరికీ సిఫార్సు చేయను.

అసలు పరీక్ష మూడో రోజు వానలో జరిగింది. చల్లని తడి తారు మీద, దిగుడు మలుపుల్లో ముందు చక్రం ఒక్కసారి కూడా బెదరలేదు. సిలికా కలిపిన రబ్బరు వేడెక్కకముందే పట్టు ఇస్తుందన్న మాట అక్కడ నమ్మాను. తెల్ల గీతల మీద, తడి ఆకుల మీద మాత్రం ఏ టైరునూ నమ్మకూడదు, నేనూ నమ్మలేదు.

బసల్లో రెండో రాత్రిది నాకు నచ్చింది. గది చిన్నదే, కానీ కప్పు కింద సిమెంటు నేల మీద బండి పెట్టుకోనిచ్చారు. పొద్దున్నే టైర్లు చల్లగా ఉండగానే గాలి చూసుకున్నాను. కాస్త దూరం నడిపాక చూస్తే వేడికి అంకె పెరిగి కనిపిస్తుంది, ఎక్కువైందనుకుని తీసేస్తే తక్కువైపోతుంది. మిగతా రెండు చోట్లా గులకరాళ్ల ఆవరణే. బరువైన బండిని స్టాండు వేసి నిలపడానికే పెద్ద పనైంది.

ఇంటికి చేరేసరికి వెనక టైరు అంచున వేలి వెడల్పు మెరుపు మిగిలే ఉంది. అందరూ తిరిగే రోడ్డు మీద దాన్ని కూడా అరగదీయాలన్న కోరిక నాకు లేదు.