కార్గో ఎయిర్‌లైన్‌లో కొత్త పైలట్ ట్రైనింగ్, బెంగళూరు: నా రేటింగ్ 4/5

బెంగళూరులో ఒక కార్గో ఎయిర్‌లైన్ కొత్త ఫస్ట్ ఆఫీసర్లకు (కో-పైలట్లకు) ఇచ్చే ట్రైనింగ్ ఈమధ్యే పూర్తి చేశాను. విమానం బోయింగ్ 737-800 ఫ్రైటర్, అంటే సరుకు మాత్రమే మోసేది. కంపెనీ పేరు రాయడం లేదు. సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) చేతిలో పెట్టుకుని పిలుపు కోసం ఎదురుచూస్తున్న మనవాళ్లు చాలామంది "ప్యాసింజర్లు ఉండరంతే కదా అన్నా, మిగతాదంతా ఒకటేగా?" అని అడుగుతున్నారు. ఒకటి కాదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

విమానం సిస్టమ్స్, ఎస్ఓపీలు (ఏ పని ఏ వరసలో చేయాలో చెప్పే పద్ధతులు), సీఆర్ఎం (కాక్‌పిట్‌లో కలిసి పనిచేసే తీరు), ఎమర్జెన్సీ డ్రిల్స్ ఎక్కడ చేరినా ఉండేవే. బాగానే చెప్పారు. పర్ఫార్మెన్స్, అంటే ఎంత బరువుతో ఎంత రన్‌వేలో లేవగలమన్న లెక్కలు మాత్రం హడావిడిగా లాగించేశారు. బెంగళూరు ఎయిర్‌పోర్టు సముద్రమట్టానికి దాదాపు 3,000 అడుగుల ఎత్తులో ఉంది. ఏప్రిల్ ఎండలో నిండా సరుకుతో ఇక్కడ లేవడానికీ, చెన్నైలో లేవడానికీ లెక్క చాలా మారుతుంది. ఆ లెక్కలు మా చేత దగ్గరుండి చేయించాల్సింది. స్లైడ్లు తిప్పి వదిలేశారు. ఒక మార్కు తగ్గించింది ఇందుకే.

డేంజరస్ గూడ్స్ (ప్రమాదకరమైన సరుకుల) క్లాసు కోసమైతే మళ్లీ చేరమన్నా చేరతాను. విడిగా ప్యాక్ చేసిన లిథియం అయాన్ బ్యాటరీలను 2016 ఏప్రిల్ 1 నుంచి ప్యాసింజర్ విమానాల్లో సరుకుగా పంపడానికి వీల్లేదు. కార్గో విమానంలోనైనా ఛార్జింగ్ 30 శాతం దాటకూడదన్నది నియమం. అంటే జనం ఎక్కే విమానంలోకి రానివ్వని సరుకు మన వీపు వెనకే ఉంటుంది. ఏ సరుకు ఎక్కడ ఉందో, ఎంత ఉందో చెప్పే నోటాక్ కాగితం కెప్టెన్‌కి ఇస్తారు. మా ఇన్‌స్ట్రక్టర్ గారు ఆ కాగితం మా చేతికిచ్చి ఒక్కో లైను చదివించారు. డ్రై ఐస్ పక్కన కోడిపిల్లల పెట్టెలు పెట్టారా? పెడితే ఆ కార్బన్ డయాక్సైడ్‌కి అవి బతుకుతాయా? ఇలా అడుగుతూనే ఉన్నారు.

2010 సెప్టెంబర్ 3న దుబాయ్ నుంచి బయల్దేరిన యూపీఎస్ 747 గురించీ ఆయనే చెప్పారు. సరుకులో లిథియం బ్యాటరీలున్నాయి. మంటలు లేచి, కాక్‌పిట్ నిండా పొగ కమ్మి, ఎదురుగా ఉన్న మీటర్లు కూడా కనబడలేదు. పైలట్లిద్దరూ చనిపోయారు. చాలా ఫ్రైటర్లలో మెయిన్ డెక్‌కి (సరుకు పెట్టే పై అంతస్తుకి) మంటలార్పే గ్యాస్ ఉండదు. అందుకే మంట లేస్తే మనం మాస్కులు పెట్టుకోవాలి, అక్కడికి గాలి వెళ్లకుండా ఆపాలి, ప్రెషర్ వదిలేసి 25,000 అడుగుల దగ్గర ఉండాలి. మంటకి ఊపిరాడకుండా చేయడమే దానికి మందు. ఇది విన్నాక ఆ చెక్‌లిస్టు చదివే తీరే మారిపోయింది మాకు.

ఒక రాత్రి ర్యాంప్ (విమానాలు నిలిపి సరుకు ఎక్కించే చోటు) మీదకి తీసుకెళ్లారు. ఫ్రైటర్ పెద్ద తలుపు ముందువైపు ఎడమ పక్కన ఉంటుంది. దింపేటప్పుడు ముందున్న పాలెట్లు (సరుకు కట్టిన పలకలు) ముందు బయటికొస్తాయి, బరువంతా తోకలో మిగులుతుంది. విమానం వెనక్కి కూలబడకుండా తోక కింద స్టాండ్ పెడతారు. లోపల లోడింగ్ చూసుకునే ఆయనది చిత్తూరు. నేల మీది లాక్‌ని వేలితో తట్టి, "తమ్ముడూ, కాగితంలో లాక్ అని రాసుంటే చాలదు, వంగి చూడాల. ఇది లేచి నిలబడాల. పడుకోనుంటే పాలెట్టు నీ మాట వినదు" అన్నారు. 2013 ఏప్రిల్ 29న బాగ్రామ్‌లో లేచిన వెంటనే కూలిన నేషనల్ ఎయిర్‌లైన్స్ 747లోనూ సరుకు కదలడమే కొంప ముంచింది. లోపల కట్టిన సైనిక వాహనం విడిపోయి వెనక్కి జారి, హైడ్రాలిక్స్‌నీ తోక భాగాన్నీ దెబ్బతీసింది. ఏడుగురు పోయారు.

సిమ్యులేటర్ స్లాట్లు ఎక్కువగా అర్ధరాత్రి తర్వాతే ఇచ్చారు. బ్యాచ్‌లో కొందరు గొణిగారు కానీ నాకది సరైన పద్ధతే అనిపించింది. శరీరం బాగా మొండికేసేది రాత్రి 2 నుంచి 6 మధ్యే, కార్గో ఎగిరేదీ ఎక్కువగా అప్పుడే. వీ1 (ఇక టేకాఫ్ ఆపడానికి వీల్లేని వేగం) దగ్గర ఇంజిన్ ఆగిపోవడం ఆ వేళలో చేస్తేనే మన సత్తా ఎంతో తెలుస్తుంది. లోటల్లా ఒకటే: అది ప్యాసింజర్ 737 సిమ్యులేటర్. మెయిన్ డెక్ మంటల స్విచ్‌ని ఫోటోలో చూపించి సరిపెట్టారు. స్కిల్ టెస్ట్, అసలు విమానంలో ల్యాండింగ్‌లు, లైన్ ట్రైనింగ్ (ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి మామూలు కార్గో ఫ్లైట్లు నడపడం) ఆ తర్వాత వరసగా నడిచాయి, టెన్షన్ పెట్టలేదు.

బస, భోజనం ఫర్వాలేదు. దేవనహళ్లి వైపు రూమ్ తీసుకోండి, హెబ్బాళ ట్రాఫిక్ తప్పుతుంది. బాండ్ (కంపెనీ వదలకుండా పనిచేయాలన్న ఒప్పందం) ఎన్నేళ్లో, ట్రైనింగ్‌లో జీతం ఎంతో సంతకానికి ముందే అడగండి.

ఫీడ్‌బ్యాక్ ఫారంలో నేను రాసింది రెండే. పర్ఫార్మెన్స్‌కి ఇంకో రెండు రోజులు ఇవ్వమని, ర్యాంప్ మీద ఇంకో రాత్రి పెట్టమని.