నమీబియా వేట ఫామ్: ఆతిథ్యానికి మంచి మార్కులే, సమర్థనకు మాత్రం కావు

నమీబియా ఉత్తర మధ్య ప్రాంతంలో, ఒట్జివరొంగో పట్టణం దాటిన తర్వాత వచ్చే ముళ్లపొదల భూముల్లో నడుస్తున్న ఒక ప్రైవేటు వేట ఫామ్ అందించే సేవ గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. టెక్సస్‌లో నాతో కలిసి పనిచేసే మిత్రుడు అక్కడ వేటకు బుక్ చేసుకున్నప్పుడు, తుపాకీ పట్టని సహచరులకు ఇచ్చే ‘అబ్జర్వర్’ హోదాలో నేనూ వెంట వెళ్లాను. ఫామ్ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పదలచుకున్నది ఆ ఒక్క యజమాని గురించి కాదు. కొమ్ముల కోసం, చర్మం కోసం, గోడమీద పెట్టుకునే తల కోసం విదేశీయులు ఆఫ్రికాకు వెళ్లి చేసే వేటను ఒక సేవగా అమ్ముతున్న తీరు గురించి. డాలస్, హ్యూస్టన్ పరిసరాల్లో ఉండే నా తెలుగు మిత్రులు కొందరికి కూడా తోటి ఉద్యోగుల నుంచి ఇటువంటి ఆహ్వానాలు వస్తున్నాయి. వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నవారికి పనికివచ్చేలా, చూసింది చూసినట్టు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

బస విషయంలో ఫిర్యాదు చేయడానికేమీ లేదు. గదులు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లకు లోటు లేదు, మాంసం తినని నాకోసం వంటామె ప్రతిపూటా విడిగా వండి పెట్టింది. గైడు తన పని క్షుణ్ణంగా తెలిసిన మనిషి. వచ్చినరోజు సాయంత్రమే అతిథి చేత అట్టపెట్టె మీద గురి పెట్టించి, తూటాలు ఒక్కచోట పడేదాకా పొదల్లోకి తీసుకువెళ్లనని కచ్చితంగా చెప్పాడు. గాలి వాటం చూసుకోవడానికి చిన్న సీసాలోంచి బూడిద దులుపుతూ, అడుగు చప్పుడు కాకుండా నడుస్తూ, తూటా దూసుకుపోయి వెనకనున్న మరో జంతువుకు తగిలే అవకాశం ఉన్నప్పుడల్లా చేయి అడ్డం పెట్టి ఆపుతూ ఉండేవాడు. క్రమశిక్షణ, భద్రత అనే కొలతలతో చూస్తే ఈ సేవకు నేను పూర్తి మార్కులే ఇస్తాను.

ధరల పట్టిక గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ వ్యాపారం అసలు స్వభావం అందులోనే కనబడుతుంది. వేటగాడికి రోజువారీ రుసుము వేరు, చూడటానికి వచ్చినవారికి వేరు. ఇవి గాక చంపిన ప్రతి జంతువుకూ ‘ట్రోఫీ ఫీజు’ ఉంటుంది. నక్కకు తక్కువ, అడవి పందికి అంతకంటే ఎక్కువ, గెమ్స్‌బాక్, కుడూ, ఈలండ్ అనే పెద్ద జింకజాతి జంతువులకు మరింత ఎక్కువ. ఆపైన చర్మాన్ని, పుర్రెను మందునీళ్లలో ముంచి పెట్టెల్లో సర్దడానికి, ఓడలోనో విమానంలోనో పంపడానికి, అమెరికా చేరాక ఫోమ్ అచ్చు మీద చర్మం బిగించి తలను నిలబెట్టే పనివాడికి విడివిడిగా ఖర్చులుంటాయి. మొదట విన్న మొత్తానికి చివరకు కట్టే మొత్తానికి చాలా తేడా ఉంటుందని వెళ్లదలచినవారు గుర్తుంచుకోవాలి. ఆ పట్టికలో నాకు పూర్తిగా నచ్చిన నిబంధన ఒక్కటే ఉంది: రక్తం చుక్క కనబడితే చాలు, జంతువు దొరికినా దొరకకపోయినా పూర్తి ధర చెల్లించవలసిందే. గురి కుదరని క్షణంలో అతిథి వేలు ట్రిగ్గర్ మీదినుంచి వెనక్కి తీయించే శక్తి ఆ ఒక్క వాక్యానికి ఉంది. అయితే ఆ పట్టిక మొత్తంలో ఎక్కడా లేని సమాచారం కూడా ఒకటుంది. ఆ డబ్బులో ఎంత భూమి సంరక్షణకు వెళుతుంది, ఎంత పనివాళ్లకు వెళుతుంది, ఎంత యజమానికి మిగులుతుంది అన్నది అందులో లేదు. అడిగితే గైడు మర్యాదగానే మాట మార్చాడు.

నా మిత్రుడు కాల్చింది కుడూ పోతును. మన అడవుల్లోని కణుజంత ఒడ్డూ పొడుగూ ఉండి, ఒంటిమీద సన్నటి తెల్లచారలతో, మెలితిరిగిన కొమ్ములతో ఉండే జంతువు అది. మూడు కర్రల స్టాండు మీద తుపాకీ ఆనించి కాల్చాడు, ఒక్క తూటాకే పడిపోయింది, ఆ విషయంలో బాధ పెట్టలేదనే చెప్పాలి. తర్వాత జరిగిన తతంగాన్ని నేను దగ్గరగా నిలబడి చూశాను. జంతువుల జాడ తీసే ట్రాకర్ నీళ్ల డబ్బా తెచ్చి ముక్కు దగ్గరి రక్తాన్ని కడిగాడు. బయటికి వేలాడుతున్న నాలుకను లోపలికి నెట్టి దవడ మూశాడు. కాళ్లు మడిచి, తల నిటారుగా నిలబెట్టాడు. గైడు పక్కనున్న పొదలోంచి ఒక చిన్న రెమ్మ విరిచి ఆ జంతువు నోట్లో పెట్టాడు. జర్మన్ వలసదారులతో వచ్చిన ఆచారమట, చనిపోయిన జంతువుకు ఆఖరి ముద్దగా, గౌరవంగా పెడతారట. తర్వాత వేటగాణ్ణి కాస్త వెనక్కి జరిపి కూర్చోబెట్టి, కొమ్ములు మరింత పెద్దవిగా కనబడేలా కింది నుంచి ఫొటోలు తీశారు. రెమ్మ పెట్టిన చేతిలో నిజంగానే గౌరవం ఉందని నేను నమ్ముతున్నాను. ఫొటోకోసం జరిపిన ఆ సర్దుబాట్లలో మాత్రం నాకు అది కనబడలేదు. సాయంత్రం చర్మం ఒలిచే షెడ్డులో కొమ్ముల మెలిక వెంట టేపు పెట్టి కొలిచి, అతిపెద్ద కొమ్ముల కొలతలు నమోదుచేసే వేటగాళ్ల రికార్డు పుస్తకంలో చోటు దక్కుతుందా లేదా అని చాలాసేపు చర్చించుకున్నారు. ఆ పోతు వయసెంత అన్న ప్రశ్న ఆ చర్చలో ఒక్కసారైనా రాలేదు.

ఇక ఈ సేవను అమ్మేవారందరూ చెప్పే మాట దగ్గరికి వస్తాను: ‘మీరిచ్చే డబ్బే ఈ జంతువులను బతికిస్తోంది.’ దీన్ని పూర్తిగా అబద్ధమని కొట్టిపారేయడం న్యాయం కాదు. నమీబియాలో 1967 నుంచి ప్రైవేటు భూముల యజమానులకు తమ భూముల్లోని అడవి జంతువులపై హక్కులిచ్చారు. అంతకుముందు పశువుల గడ్డికి పోటీదారులుగా మాత్రమే కనబడిన జింకలకు అప్పటినుంచి ఒక విలువ వచ్చింది, పశువుల ఫామ్‌లు చాలావరకు వన్యప్రాణులకు చోటిచ్చాయి. కానీ ఆ భూముల్లో అధిక భాగం తెల్లజాతి యజమానుల చేతిలోనే ఉండిపోయింది కనుక, లాభమూ వాళ్లకే దక్కింది. సామూహిక భూముల్లో బతికే నల్లజాతి గ్రామీణులకు అటువంటి హక్కు స్వాతంత్ర్యం వచ్చాక, 1996 నాటి చట్టంతో గాని రాలేదు. తమ ప్రాంతపు వన్యప్రాణులను ఊరివాళ్లే చూసుకునే సంఘాలను కన్సర్వెన్సీలు అంటారు, 1998లో అటువంటివి మొదటి నాలుగు నమోదయ్యాయి. ఇప్పుడు 86 ఉన్నాయి, దేశ భూభాగంలో దాదాపు ఐదో వంతు వాటి కిందికి వస్తుంది. అక్కడ వేట కాంట్రాక్టు సొమ్ము కన్సర్వెన్సీ ఖాతాలోకి వెళుతుంది, దాంతో ఊరి మనుషుల్నే వన్యప్రాణులను కాపలా కాసే గేమ్ గార్డులుగా పెట్టుకుని జీతాలిస్తారు, వేటాడిన జంతువు మాంసం ఇళ్లకు పంచుతారు. కనుక ఒకే దేశంలో, ఒకే పేరుతో అమ్ముడయ్యే సేవలో, ఒకచోట కట్టిన డాలరు ఊరికి వెళుతుంది, మరోచోట కట్టింది ఒక కుటుంబపు బ్యాంకు ఖాతాకు వెళుతుంది. మేము దిగింది రెండో రకం ఫామ్‌లో. అక్కడి గైడు నోట వచ్చిన మంచి ఉదాహరణలన్నీ మొదటి రకానివి. ఈ సేవపై నాకున్న ముఖ్యమైన అభ్యంతరం ఇదే: ఇతరులు సంపాదించిన మంచిపేరును తన సరుకుకు చీటీగా అంటించుకుని అమ్ముకుంటోంది.

ఆ మంచిపేరు ఎంత నిజమో చూడటానికి 2016లో వచ్చిన ఒక అధ్యయనం ఉపయోగపడుతుంది. నమీబియా కన్సర్వెన్సీల ఆదాయాలను 1998 నుంచి 2013 దాకా పరిశీలించిన ఆ పరిశోధకులు, ఏర్పడిన మూడేళ్లలోనే వేట ద్వారా రాబడి మొదలవుతుందనీ, పర్యాటకం ద్వారా రావడానికి ఆరేళ్లు పడుతుందనీ తేల్చారు. వేటను నిషేధిస్తే తమ ఖర్చులు తాము భరించుకోగల కన్సర్వెన్సీల సంఖ్య బాగా పడిపోతుందనీ, పర్యాటకం ఆగిపోతే దెబ్బ అంత తీవ్రంగా ఉండదనీ లెక్కగట్టారు. ఇది నాకు రుచించే ఫలితం కాదు, అయినా దాచిపెట్టడం తప్పు. పర్యాటకులు కెమెరా పట్టుకుని వెళ్లడానికి కొండలు, రోడ్లు, అందమైన లోయలు కావాలి. నీళ్లులేని, చూడటానికేమీ లేని పొదల నేలకు వాళ్లు రారు, వేటగాడు వస్తాడు.

వేటనే ఆపేసిన కెన్యా అనుభవమూ తేలిగ్గా తీసుకోదగ్గది కాదు. అక్కడ 1977 నుంచి క్రీడావేట నిషేధం. అయినా ఆ సంవత్సరానికీ 2016కీ మధ్య ఆ దేశపు పచ్చికభూముల్లో వన్యప్రాణుల సంఖ్య సగటున 68 శాతం తగ్గిందని గణనలు చెబుతున్నాయి. జనాభా, కంచెలు, మేత పశువులు, దొంగవేట, ఇవన్నీ కారణాలే. నిషేధమే కారణమని నేను అనను, నిషేధం ఒక్కటే కాపాడలేకపోయిందని మాత్రం అంటాను. పలమనేరు, కుప్పం వైపు రాత్రికి రాత్రి కౌండిన్య అడవి దాటి వచ్చిన ఏనుగులు తొక్కేసిన టమాటా తోటను చూసిన రైతుకు ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు. ఏనుగుతో పక్కపక్కన బతికే మనిషికి దానివల్ల నష్టమే తప్ప దమ్మిడీ లాభం లేనప్పుడు, దాన్ని ప్రేమించమని పట్నంలో కూర్చుని మనం చెప్పడానికి మనకున్న అర్హత చాలా తక్కువ.

అయితే ఇదే సమర్థనను దక్షిణాఫ్రికాలో బోనుల్లో పుట్టిన సింహాల విషయంలో వాడటం సిగ్గుచేటు. అక్కడ వేల సంఖ్యలో సింహాలను ఫామ్‌లలో పెంచుతారు. పిల్లలుగా ఉన్నప్పుడు పర్యాటకుల చేత ముద్దుచేయిస్తారు, పెరిగాక కంచెలోపల వదిలి వేటగాడికి అమ్ముతారు, ఎముకలనూ వదలరు. అడవికి అందులో ఒరిగేదేమీ లేదు. 2024లో ఆ దేశ ప్రభుత్వం ఈ పరిశ్రమను క్రమంగా మూసివేసే దిశగా నిర్ణయం తీసుకుంది. అడవి సింహాల వేటలోనూ లెక్క తప్పితే నష్టం ఒక్క జంతువుతో ఆగదు. గుంపును కాచే మగసింహం పోతే కొత్తగా వచ్చిన మగవి దాని పిల్లలను చంపేస్తాయి. ఆరేళ్లు దాటిన మగవాటినే కాల్చితే సంతతికి దెబ్బ తగలదని 2004లో పరిశోధకులు చూపించారు. వయసు పెరిగేకొద్దీ సింహం ముక్కు గులాబీరంగు పోయి నల్లమచ్చలతో నిండుతుంది కనుక, బైనాక్యులర్‌లో ముక్కు చూసి వయసు అంచనా వేయడం సాధ్యమే. కానీ పగలంతా వెతికి, సెలవులు ఐపోవస్తున్న అతిథి పక్కన నిలబడి, ‘ముక్కు ఇంకా గులాబీగానే ఉంది, వద్దు’ అనగలిగే గైడే ఆ నియమానికి ఆధారం. అతని జీతం ఆ అతిథి తృప్తి మీదే నడుస్తోంది.

2015 జులైలో జింబాబ్వేలోని హ్వాంగే జాతీయ పార్కు సరిహద్దు వెలుపల చనిపోయిన సెసిల్ అనే సింహం కథ మరో పాఠం. దాని వయసు పదమూడేళ్లు, కనుక వయసు నియమం ప్రకారం తప్పు పట్టడానికి లేదు. దాన్ని చంపిన అమెరికన్ దంతవైద్యుడి కాగితాలు సక్రమంగానే ఉన్నాయని జింబాబ్వే ప్రభుత్వమే తర్వాత ప్రకటించింది. అయినా ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు మెడకు జాడ తెలిపే కాలర్ కట్టి ఏళ్ల తరబడి గమనిస్తున్న ఆ సింహాన్ని, మొదట బాణంతో గాయపరచి, గంటల తర్వాత మరో బాణంతో చంపారు. ఆ గంటలు దేనికోసం? తుపాకీ అందుబాటులో లేకనా? విల్లుతో కొట్టాననే గొప్ప కోసమే కదా. అక్కడే నాకు ఈ మొత్తం వ్యవహారపు నైతిక ముడి కనబడింది. నేలకు డబ్బు కావాలి, అది నిజం. ముసలి పోతును ఏరివేయవలసిన సందర్భాలూ ఉండొచ్చు, అదీ ఒప్పుకుంటాను. నమీబియాకు ఏడాదికి ఐదు నల్ల ఖడ్గమృగాల వేటకు 2004లో వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం అనుమతి ఇచ్చింది. 2014లో డాలస్ సఫారీ క్లబ్ అనే వేటగాళ్ల సంఘం వేలంలో అటువంటి ఒక అనుమతి 3,50,000 డాలర్లకు పోయింది. సంతానం కనే వయసు దాటి, చిన్న పోతులను పొడిచి చంపే మగదాన్నే ఎంచుతామన్నారు. అదంతా సరే అనుకున్నా, ఆ పనిని ఒక అటవీ ఉద్యోగి నిశ్శబ్దంగా చేయవచ్చు. అతిథి కొంటున్నది ఆ అవసరాన్ని కాదు, ఆ క్షణంలో ట్రిగ్గర్ మీద తన వేలు ఉండటాన్ని. ఆ ఆనందాన్ని సంరక్షణ అనే పేరుతో గౌరవనీయం చేయడం నాకు అంగీకారం కాదు. చావు ఒకరి విహారానికి పతాక ఘట్టంగా మారినప్పుడు, ఆ డబ్బు ఎంత మంచి పనికి వెళ్లినా, కొన్నవాడి చేతికి అంటినది మంచితనం కాదు.

అలాగని నమీబియా కన్సర్వెన్సీల్లో రేపే వేట ఆపించాలని యూరప్‌లోనో అమెరికాలోనో సంతకాలు సేకరించేవారితో నేను చేరను. గేమ్ గార్డుల జీతం ఎవరిస్తారో చెప్పకుండా అడిగే నిషేధం, ఆ ఊళ్ల నెత్తిన మన మనశ్శాంతి ఖర్చును రుద్దడమే. వేటకు బదులుగా ఆ సొమ్మును ఏటేటా కట్టే ఏర్పాటు ముందు రావాలి, నిషేధం తర్వాత రావాలి.

చివరగా, మేము దిగిన ఫామ్‌ను సిఫారసు చేస్తానా అంటే, చేయను. ఆతిథ్యంలో లోపం లేకపోయినా, తన డబ్బు ఎక్కడికి వెళుతుందో చెప్పలేని సేవకు, ప్రాణం తీసే హక్కును అమ్మే అర్హత లేదని నా అభిప్రాయం. ఎవరైనా వెళ్లి తీరాలనుకుంటే, భూమి ఎవరిది, ఎన్ని జంతువులను చంపవచ్చనే కోటా ఎవరు నిర్ణయించారు, మాంసం ఎవరికి వెళుతుంది, వయసు ఎలా అంచనా వేస్తారు అనే నాలుగు ప్రశ్నలకు అడ్వాన్సు కట్టకముందే రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి. తుపాకీ అక్కరలేనివారికి మాత్రం మెరుగైన దారి ఉంది. కునేనే ప్రాంతంలోని గ్రూట్‌బర్గ్ లాడ్జ్ స్థానిక కన్సర్వెన్సీ సొంత ఆస్తి, అక్కడి నుంచి నల్ల ఖడ్గమృగాల జాడ తీస్తూ గైడుతో కాలినడకన వెళ్లవచ్చు. టోరా కన్సర్వెన్సీ భాగస్వామ్యంతో నడిచే డమరాలాండ్ క్యాంపు కూడా అటువైపే ఉంది. రోడ్లు కంకరవి కనుక ఎత్తైన వాహనం, రెండు స్టెప్నీ టైర్లు తీసుకోవాలి, పెట్రోలు దొరికిన ప్రతిచోటా నింపుకోవాలి.