షుగరు లెక్కల యాప్: నల్గొండలో మా ఇంటి అనుభవం

షుగరు, బీపీ రెండూ ఉన్న మా నాయన కోసం, రక్తంలో షుగరును కొలిచే గ్లూకోమీటరు రీడింగును బ్లూటూత్ ద్వారా ఫోనులో నమోదు చేసే ఒక యాప్‌ను వాడుతున్నాము. పరగడుపు రీడింగు సాధారణ లక్ష్యమైన 80–130 (mg/dL) పరిధిని దాటితే గ్రాఫు ఎర్రబడుతుంది. ఆ ఎరుపును మందలింపుగా భావించి, పెండ్లి భోజనం చేసిన మరునాడు ఆయన వేలికి సూది గుచ్చుకోవడమే మానేస్తారు. ఇదే తరచైతే, దాదాపు మూడు నెలల షుగరు సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఆ దాపరికాన్ని బయటపెట్టక మానదు. ఆహార పట్టికలో ఓట్సు ఉన్నాయి గాని జొన్నరొట్టె లేదు, నల్గొండలో ఓట్సు తినేవారెందరో! మందుల వేళను గుర్తుచేసే గంట మాత్రం నిజంగా పనికివచ్చింది. డాక్టరుగారు ఫోను చూడక కాగితమే అడుగుతారు కాబట్టి, నెలవారీ నివేదికను ప్రింటు తీయించి తీసుకుపోతున్నాము. ఆ నివేదిక కోసం యాప్‌కు డబ్బు కట్టనక్కరలేదు, ఉచిత యాప్ చాలు.