టీ8 లీడ్ స్క్రూనా, 1605 బాల్ స్క్రూనా?

ఇంట్లో కట్టుకునే సీఎన్‌సీ రూటర్‌లో (కంప్యూటర్ చెప్పినట్టు చెక్కను చెక్కే యంత్రం) మోటారు తిప్పే మరల కడ్డీయే, అంటే స్క్రూయే, పనిముట్టును జరుపుతుంది. దానికి టీ8 చవక. 300 మి.మీ. పొడవులో, ఎండీఎఫ్ (చెక్కపొడి అచ్చు పలక) మీద పేర్లు చెక్కడానికి అది చాలు. మీటరు పొడవైతే ఆ 8 మి.మీ. కడ్డీ వేగంలో తాడులా ఊగుతుంది. ఇత్తడి నట్టు అరిగితే వదులొస్తుంది: గుండ్రం చెక్కినప్పుడు దిశ మారే నాలుగు చోట్లా చిన్న చదును పడుతుంది. టేకు తలుపు మీద, పాలిష్ వేశాక, అది ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

నట్టులో బాల్స్ దొర్లే, 16 మి.మీ. మందమున్న 1605లో ఆ వదులు చాలా తక్కువ. చుట్టుకు 5 మి.మీ. జరుగుతుంది కాబట్టి, మోటారు చుట్టుకు 1600 మైక్రోస్టెప్పులు (చిన్న అడుగులు) వేస్తే కంట్రోలర్‌లో మి.మీ.కు 320 స్టెప్పులు పెట్టాలి; 8 మి.మీ. లీడ్ (చుట్టుకు జరిగే దూరం) ఉన్న టీ8కి 200. అయితే కరెంటు పోతే జెడ్ అక్షం (పైకీ కిందికీ కదిలే భాగం) బరువుకు కిందికి జారొచ్చు, బ్రేకున్న మోటారు మేలు. గ్రీజుకు చెక్కపొట్టు అంటకుండా తొడుగు వేయండి. నట్టును మాత్రం స్క్రూ నుంచి ఊడదీయొద్దు, బాల్స్ రాలిపోతాయి. తలుపుల పనికి 1605యే తీసుకోండి.