క్రాఫ్ట్ బీర్ కొనేటోళ్ళు జెర జాగ్రత్త: "గిట్లనే ఉంటది" అంటే నమ్మకుండ్రి

హన్మకొండ, కాజీపేట, వరంగల్ దిక్కు వైన్స్‌లల్ల క్రాఫ్ట్ బీర్లు (చిన్న కంపెనీలు కొంచెం కొంచెం చేసే రకరకాల బీర్లు) కొంటున్నోళ్ళందరికి చెప్తున్న, సీసా చేతికి తీస్కొని తేదీ చూడకుండ పైసలు ఇయ్యకుండ్రి. పాడైపోయిన సరుకు అమ్మి, మళ్ళ పోయి అడిగితే "క్రాఫ్ట్ బీరు గిట్లనే ఉంటదన్నా, మీకు అలవాటు లేదు" అంటున్నరు. పైసలు పోయినదానికంటే నాకు ఈ మాటకే ఎక్కువ కోపమొచ్చింది, ఎందుకంటే మొదటిసారి తాగేటోడు ఆ మాట నిజమే అనుకుంటడు, ఇగ జన్మల క్రాఫ్ట్ బీరు జోలికి పోడు.

సంగతేందంటే, మే నెల ఎండలల్ల దోస్తులం నలుగురం కూసొని ఒక్కో రకం టేస్ట్ చేసి, వాసనెట్లుంది రుచెట్లుంది అని రాసుకుందామనుకున్నం. ఇదివరకు హైదరాబాద్ పోయినప్పుడల్లా గచ్చిబౌలి దిక్కు మైక్రోబ్రూవరీలల్ల (అక్కడ్నే బీరు చేసి పోసే జాగలు) తాగినం కాబట్టి ఏది ఎట్లుండాల్నో మాకు తెలుసు. ఇక్కడ మెయిన్ రోడ్డు మీద ఒక వైన్స్ల (పేరు రాస్తలేను) క్రాఫ్ట్ బీర్లు అయిదు రకాలు కనిపించినయ్. హెఫెవైజన్, విట్‌బియర్, ఆకుపచ్చ సీసాల లాగర్, ఐపీఏ (ఇండియా పేల్ ఏల్), స్టౌట్ అనే నల్ల బీరు. అన్నీ 330 ఎమ్మెల్ పైంట్లు. మన వైన్స్‌ల సంగతి తెలుసు కదా, ఇనుప జాలి వెనుక ఉంటరు, పైసలు లోపలికి పోయినంక సీసాలు పేపర్ల చుట్టి నల్ల కవర్ల పెట్టి బయటికి ఇస్తరు, లేబుల్ చదివే సందే ఉండదు. కూలింగ్ అని సీసాకు ఎమ్మార్పీ మీద 20 రూపాయలు ఎక్కువ తీస్కున్నడు, బిల్లడిగితే మిషన్ పని చేస్తలేదన్నడు.

ఇంటికొచ్చి కవర్ ఇప్పితే రెండు సీసాల మీద తేదీ ఉండాల్సిన జాగ తుడిచేసినట్టు ఖాళీగ ఉంది. మిగిలినయి పోయిన సెప్టెంబర్ల నింపినయి, ఆరు నెలల్ల తాగాలె అని దాని మీదనే రాసుంది. అంటే మార్చికే గడువు అయిపాయె.

ముందుగాల హెఫెవైజన్ ఇప్పినం. ఇది జర్మనీల బవేరియా దిక్కు గోధుమ బీరు, మంచిగుంటే గ్లాసుల పొయ్యంగనే అరటిపండు వాసన, వెనుకనుంచి లవంగం వాసన వస్తది, పండు గిండు ఏం కలపరు, అదంతా ఈస్ట్ పనే. మేం మూత తియ్యంగనే నురుగు పొంగి టేబులంత కారింది, సీసాల సగం కూడ మిగల్లే. మిగిలింది నోట్లె పోసుకుంటే పులుపు, ముక్కుకు సిర్క ఘాటు. కొంతమంది గోధుమ బీరంటే కొంచెం పుల్లగనే ఉంటది అంటరు, ఉంటది, కాని జెర అంతే. పొద్దుగాల చెట్టు దించిన కల్లుకు, ఎండల సాయంత్రం దాక పెట్టిన కల్లుకు తేడా మన దిక్కు పిలగానికి సుత తెలుసు, అంత తేడా ఉంది ఇక్కడ. ఒకటి మాత్రం చెప్పాలె, గోధుమ బీరు మసకగ ఉంటే, అడుగున ఈస్ట్ పేరుకొని ఉంటే అది పాడైనట్టు కాదు, దాని తీరే అది. తేటగ ఉండాల్సిన లాగర్ల తునకలు తేలుతున్నయంటే మాత్రం ముట్టుకోకుండ్రి.

విట్‌బియర్ బెల్జియంది. ధనియాలు, నారింజ తొక్క ఏసి చేస్తరు, ఈ రకం దాదాపు మాయమైపోతే 1966ల హోగార్డెన్ అనే ఊర్ల పియెర్ సెలిస్ అనే ఆయన మళ్ళ చెయ్యడం మొదలుపెట్టిండు, ఇయ్యాల ప్రపంచమంత తాగుతున్నరంటే ఆయన పుణ్యమే. నాకు అన్నిట్ల ఎక్కువ ఇష్టమైంది ఇదే, అందుకే ఎక్కువ బాధైంది. ధనియాల వాసన లేదు, నారింజ లేదు, ఒట్టి తడిసిన అట్టపెట్టె వాసన. సీసాల ఉన్న కొంచెం గాలి వేడికి బీరుతోని కలిసి ఎక్కువ రోజులైతే ఈ వాసన వస్తది, ఇంగ్లీషోళ్ళ పుస్తకాలల్ల సుత దీనికి గదే పోలిక చెప్తరు.

లాగర్ ఆకుపచ్చ సీసాల ఉంది కదా, అది అద్దాల షెల్ఫ్‌ల ట్యూబ్‌లైట్ కింద, సాయంత్రం ఎండ నేరుగ పడే జాగల నెలల తరబడి నిలబడి ఉంది, నేను కండ్లార చూసిన. బీరుకు చేదిచ్చే పూలు ఉంటయ్, ఆ హాప్స్‌ల ఉన్న పదార్థాలు వెలుగు తగిలితే విరిగిపోయి గంధకం కలిసిన కంపు వాసన పుడుతది. ఎండలైతే దీనికి నిమిషాలు చాలు. గోధుమరంగు సీసా ఆ వెలుగును బాగ ఆపుతది, ఆకుపచ్చది పెద్దగ ఆపది, తెల్ల సీసా అసలే ఆపది, క్యాన్‌కు ఆ బాధే లేదు. మా దోస్తు ఒకడు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకొని లేచి బయటికి పోయిండు.

ఐపీఏ దగ్గర మా నలుగుర్ల మాకే లొల్లి అయింది. ఒకడంటడు, అప్పట్ల లండన్ నుంచి ఓడలల్ల నెలల తరబడి వచ్చి మన దేశంల అమ్ముడుపోయిన బీరు ఇది, పేర్లనే ఇండియా ఉంది, ఇది ఆరేడు నెలలకే పాడైతదా అని. నేనన్న, అప్పటిది నెలలు నిలవుంచుడానికే చేసిన బీరు భై. ఇప్పటి ఐపీఏ అమెరికా హాప్స్ తోని చేస్తరు, మామిడిపండు, బత్తాయి, దేవదారు వాసనల కోసమే తాగుతం, ఆ వాసన తాజాగ ఉన్నప్పుడే, ఫ్రిజ్‌ల పెట్టకుంటే రెండు మూడు నెలలకే చప్పబడుతది. మా గ్లాసులల్ల వాసన పోయింది, ఒట్టి చేదు, పైనుంచి పాకం లాంటి తీపి మిగిలింది. తెల్వనోడు తాగితే ఐపీఏ అంటే చేదు మందు అనుకుంటడు పాపం.

స్టౌట్ మాత్రం బాగనే ఉంది, ఉన్నమాట చెప్పాలె. మాడేదాక వేయించిన మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ), కాఫీ వాసన, ఆల్కహాల్ సుత ఎక్కువే, అట్లాంటిది పాతబడ్డా కొంచెం తట్టుకుంటది.

ఇది చేసేటోళ్ళ తప్పు కాదు. ఇందుల రెండు బీర్లు నేను హైదరాబాద్‌ల తాజాగ తాగిన, అమృతంలెక్క ఉన్నయ్. తప్పు నిలవుంచిన తీరుది. మన దిక్కు ఎక్కువ పోయేది స్ట్రాంగ్ లాగర్, ఆ కేసులు వచ్చిన రోజే ఖాళీ అయితయ్, క్రాఫ్ట్ డబ్బాలు మాత్రం వెనుక రేకుల షెడ్డుల పడి ఉంటయ్. బయట 44, 45 డిగ్రీలుంటే రేకుల కింద ఎంతుంటదో మీరే అనుకోండ్రి. వేడి పది డిగ్రీలు పెరిగితే బీరు పాతబడుడు రెండింతలు, అంతకంటే ఎక్కువ సుత అయితది. అమ్మే ముందట గంటసేపు ఫ్రిజ్‌ల పెట్టి చేతికిస్తరు, మనం చల్లగ ఉంది కదా అని మురుస్తం. చల్లగున్నంత మాత్రాన మంచిగున్నట్టు కాదు, పైంగ మరీ ఐసులెక్క చల్లగుంటే చెడు వాసన ముక్కుకు అందనే అందది. అనుమానమొస్తే గ్లాసుల పోసి పది నిమిషాలు ఆగి వాసన చూడుండ్రి, అసలు రంగు అప్పుడు బయటపడుతది.

తెల్లారి మిగిలిన సీసాలు పట్టుకొని పోయిన. కౌంటర్ మీద పిలగాడు ఆ అలవాటు ముచ్చటే చెప్పిండు. తేదీ చూపిస్తే "అది బెస్ట్ బిఫోర్ అన్నా, ఎక్స్‌పైరీ కాదు" అన్నడు. ఓనర్ ఫోన్‌ల మాట్లాడి అమ్మిన సరుకు వాపస్ లేదన్నడు, అంతే. పాత బీరు తాగితే ప్రాణం పోదు, నేనేం భయపెడ్తలేను, ఆల్కహాల్, హాప్స్, పులుపు కలిసి రోగం తెచ్చే క్రిములను బతకనియ్యవు. కాని పొంగే సీసా వేడికి పేలితే గాజు పెంకులు మీద పడ్తయ్, అది మాత్రం చిన్న సంగతి కాదు. పైసలు పూర్తిగ తీస్కొని, అది సుత ఎమ్మార్పీ దాటించి తీస్కొని, గడువు అయిపోయింది అంటగట్టుడు మోసం, దానికి ఇంకో పేరు లేదు.

మీరు పోయినప్పుడు జాలిల నుంచి ఒక్క సీసా ముందు చేతికియ్యమనుండ్రి, ఇయ్యనంటే అక్కడ్నే అర్థం చేస్కోండ్రి. నింపిన తేదీ సీసా మెడ మీదనో, లేబుల్ అంచునో, క్యాన్ అడుగునో చిన్న అక్షరాలల్ల ఉంటది, ఫోన్ లైటు ఏసి చూడుండ్రి. ఐపీఏ, గోధుమ బీర్లు రెండు నెలలు దాటితే నేనైతే కొన, స్టౌట్ అయితే నాలుగైదు నెలల దాక కొంటా. తేదీ తుడిచి ఉంటే ఏ రకమైనా వద్దు. షెల్ఫ్‌ల ముందు వరుసల ఎండకు నిలబడ్డది కాకుండ ఫ్రిజ్ లోపలిది అడుగుండ్రి, క్యాన్ దొరికితే ఇంకా మంచిది. నగదు ఇయ్యకుండ ఫోన్‌పే కొట్టుండ్రి, బిల్లు ఇయ్యకున్నా గదొక్క రుజువన్న మీ చేతుల ఉంటది.

నేను లేబుల్ ఫొటోలు, పేమెంట్ స్క్రీన్‌షాట్ పెట్టి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసిన, ఎమ్మార్పీ సంగతి ఎక్సైజ్ ఆఫీసుల రాసిచ్చిన. రెండు సీసాలు మూత తియ్యకుండ అట్లనే దాచిన, జిల్లా వినియోగదారుల కమిషన్ దాక పోవాల్సొస్తే పనికొస్తయ్. మీ దగ్గర సుత ఇట్లాంటియి ఉంటే పారబొయ్యకుండ్రి, తేదీ కనపడేటట్టు ఫొటో తీసి, సీసా నీడల నిలబెట్టి పెట్టుండ్రి.