వైన్ ఫ్రిజ్ మన ఎండలకి తట్టుకుంటుందా: వాడి చూసి చెప్తున్నా

హైదరాబాద్‌లో కొన్నేళ్లుగా వాడుతున్నా కాబట్టి ధైర్యంగా చెప్తా, కొంటే కంప్రెసర్ ఉన్నదే కొనండి, థర్మోఎలక్ట్రిక్ జోలికి పోవద్దు. చప్పుడు ఉండదు, రేటు తక్కువ అని షాపువాళ్లు దాన్నే అంటగడతారు, అదీ నిజమే, కానీ దాంట్లో ఉండేది చిన్న పెల్టియర్ ప్లేటూ (కరెంట్ పెడితే ఒకవైపు చల్లబడి రెండోవైపు వేడెక్కే పలక) ఫ్యానూ అంతే, గదిలో ఉన్న వేడి కన్నా ఓ 15-20 డిగ్రీలు తగ్గించడమే గగనం. మా బావమరిది ఇంట్లో అదే ఉంది, మే నెలలో హాల్లో 38 ఉంటే లోపల పెట్టిన థర్మామీటర్ 20 దాటే చూపిస్తుంది, సెట్టింగ్ మాత్రం 12 అని వెలుగుతూనే ఉంటుంది పాపం.

నాది 18 బాటిళ్లది. ఆ 18 అనేది సన్నగా ఉండే బోర్డో బాటిళ్ల లెక్క, స్పార్క్లింగ్ వైన్ బాటిల్‌కి పొట్ట లావు కదా, అది పెట్టాలంటే ఒక ర్యాక్ తీసేయాల్సిందే. నేను 12-13లో పెట్టి వదిలేస్తా, దాచడానికి రెడ్‌కైనా వైట్‌కైనా అది చాలు, వైట్ తాగేముందు అరగంట మామూలు ఫ్రిజ్‌లోకి మారుస్తా, రెడ్ కాసేపు ముందు బయట పెడతా (బయట అంటే ఏసీ గదిలో, మన రూం టెంపరేచర్‌కి వదిలేస్తే కషాయమే). అందుకే డ్యూయల్ జోన్‌కి (రెండు భాగాల్లో వేర్వేరు టెంపరేచర్ పెట్టుకునే మోడల్‌కి) ఎక్స్‌ట్రా డబ్బులు పెట్టడం దండగ అంటా. కార్క్ ఉన్నవి పడుకోబెట్టాలి, లేకపోతే కార్క్ ఎండిపోయి లోపలికి గాలి పోతుంది, సూలా లాంటి స్క్రూ క్యాప్‌వి ఎలా పెట్టినా పర్లేదు.

ఎక్కడ పెడతారన్నది చాలా ముఖ్యం అండీ. వెనక నుంచి వేడి వదిలే మోడల్‌ని కార్పెంటర్ నీట్‌గా ఉంటుందని కప్‌బోర్డ్‌లోకి దూర్చేస్తానంటాడు, ఒప్పుకోవద్దు, వేడి పోయే దారి లేక కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది. కప్‌బోర్డ్‌లోనే కావాలంటే ముందువైపు కింద జాలీ ఉన్న బిల్ట్ ఇన్ మోడల్ తీసుకోండి. స్టెబిలైజర్ పెట్టించాను. కరెంట్ పోతే తలుపు తియ్యకుండా ఉంటే చాలు, బాటిళ్లు నిండా ఉన్నప్పుడు చల్లదనం గంటలకొద్దీ నిలుస్తుంది.

మెయింటెనెన్స్ అంటే పెద్దగా ఏం లేదు, వెనక దుమ్ము దులపడం, లోపల గోరువెచ్చని నీళ్లలో కాస్త వంటసోడా కలిపి తుడవడం. వానాకాలంలో మాత్రం ఒకటి చూసుకోవాలి, లోపల వెనక గోడ కింద నీళ్లు పోయే చిన్న కన్నం ఉంటుంది, అది మూసుకుపోతే కింద ర్యాక్ దగ్గర నీళ్లు నిలిచి లేబుళ్లు నాని ఊడొస్తాయి, ఇయర్‌బడ్ పెట్టి మెల్లగా తిప్పితే జిగటగా నల్లటి మురికి వస్తుంది, తర్వాత గోరువెచ్చని నీళ్లు పోస్తే క్లియర్. అమ్మ ఎండాకాలంలో మల్లెపూలు దాస్తుంది అందులో, వద్దంటే వినదు, వాసన పట్టేస్తుందని ఓ గిన్నెలో వంటసోడా పెట్టి ఊరుకున్నా. పాలు పెరుగు మాత్రం పెట్టనివ్వను, 12 డిగ్రీల్లో అవి నిలవవు.

నాకు విసుగొచ్చింది సర్వీస్ విషయంలోనే. డోర్ రబ్బరు వదులైపోయి అద్దం మీద చెమట పడుతుంటే కంపెనీకి ఫోన్ చేశా, పార్ట్ లేదు వస్తుంది అని వారాలు తిప్పారు, చివరికి మామూలు ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్ కొలత తీసుకుని రబ్బరు కట్ చేసి అతికించాడు, ఇప్పటికీ అదే ఉంది.